హేమ్లి పేరు మీది గిర్నీ

"నీకు ఇంకోటి రాదమ్మా. ఒక మనిషికి ఒకటే యూనిట్" అంది గిరిజన సంక్షేమ ఆఫీసులో గుమాస్తా పుష్పలత.

ఇప్పపూల దుమ్ము అంటిన చీర కొంగుతోనే మొహం తుడుచుకుంది హేమ్లి. విస్తరాకుల మిషను కోసం కూలి మానుకుని, కారేపల్లి దగ్గరి తండా నుంచి వచ్చింది. అక్కడ ఐదుగురు ఆడవాళ్లు ఆకు ఎండబెట్టుకుని కూర్చున్నారు.

"నాకేమిచ్చిండ్రు మేడం?"

"వడ్లు పట్టే గిర్నీ. కరెంటు మీటరు నీ పేరే, సబ్సిడీ నీ పేరే. ఫొటో నీదేనా కాదా, చూస్కో."

ఫొటోలో తనే, కొత్త చీరలో. మూడేళ్ల కిందట తీజ్ పండుగకు ఊరి షావుకారు నాగరాజు పెట్టిన చీర అది. "నాకు తోబుట్టువు లేదు, ఇయ్యాల్టి సంది నువ్వే నా చెల్లెవు" అన్నాడు. ఆ వారమే మేకల లోనంటూ వేలిముద్రలు వేయించుకున్నాడు. ఈ సబ్సిడీ పథకాలు గిరిజనులకే ఇస్తారు. నాగరాజు గిరిజనుడు కాడు. మేకలు రాలేదు. అన్నను నిలదీయడం బాగుండదని ఆమె ఊరుకుంది.

నాగరాజు తనదని నడుపుతున్న ఆ గిర్నీలోనే ఆమె రోజుకు నలభై రూపాయలకు ఊడుస్తోంది. భర్త భద్రు అక్కడే బస్తాలు మోస్తాడు.

మధ్యాహ్నం ఆమె గిర్నీకి వచ్చేసరికి నాగరాజు కాగితాలు పట్టుకుని ఉన్నాడు.

"వచ్చినవా చెల్లె! బ్యాంకుల గొర్రెల లోను వచ్చింది. ఒక్క ముద్ర ఎయ్యి."

"అన్నా, గీ గిర్నీ నాదట గదా?"

హమాలీలు పక్కున నవ్వారు. నాగరాజూ నవ్వాడు. "నీది గాక ఎవలదే? రోజూ ఊడుస్తలేవా?"

"గట్లయితే మా ఆడోళ్లం అప్పో సప్పో జేసి విస్తరాకుల మిషను తెచ్చి ఓ మూలకు పెట్టుకుంటం."

నవ్వులు ఆగాయి.

"భద్రూ, నీ పెండ్లాం మాట ఇన్నవా?"

భద్రు బస్తా దించి వచ్చాడు. "ముద్ర ఎయ్యే. బిడ్డకు హాస్టల్ సీటు ఎవలు ఇప్పిచ్చిండ్రు? మీ అమ్మను దవాఖానాకు ఎవల జీపుల తీస్కపోయినం? తండాల పదిమందికి కూలి గీడనే గదా."

అన్నీ నిజమే. భద్రు ఆమె ఎడమ బొటనవేలిని సిరాలో అద్దాడు.

రేపో మాపో ముద్ర పడుతుందని అక్కడున్న అందరికీ తెలుసు. హేమ్లికీ తెలుసు. అయినా ఆ వేలిని లోపలికి ముడిచి పిడికిలి బిగించింది. కుడిచేత్తో చీపురు అందుకుని, నాగరాజు కుర్చీ కింద తప్ప గిర్నీ అంతా ఊడవసాగింది.