నాలుగు వాయిదాలు

నేనుంటున్న దేవేంద్ర నగర్ ఇల్లు విడాకులయ్యాక కూడా మా ఇద్దరి పేర్లమీదే ఉంది. మూడేళ్ల ఇంటిపన్ను బకాయికి నోటీసు వస్తే మొత్తం నేనే కట్టాను. సగం వసూలు చేసుకోవడానికి, ముందు రోజే ఫోన్ చేసి, ఉర్లాలో నా మాజీ భర్త ధనుంజయ్ కొత్త కాపురం పెట్టిన ఇంటికి వెళ్లాను. నాతో ఉన్న పదకొండేళ్లలో కరెంటు బిల్లు కూడా గడువులోగా కట్టని మనిషి. చెప్పులరిగేలా తిప్పుతాడని, ట్రిప్పుకొకటి చొప్పున నాలుగు చీరలు ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను.

అతని రెండో భార్య నీలిమ తలుపు తీసింది.

"రండి దీదీ, చెక్కు రెడీగా ఉంది. పొద్దున్నే ఆయనే రాసిపెట్టారు. చాయ్ తాగుతారా?"

ఎదురుగా బాల్కనీలో ధనుంజయ్ ఆమె చీర ఆరేస్తున్నాడు. నా ఇంట్లో తన తువ్వాలు కూడా తను ఆరేసుకోలేదు!

ఒళ్లు మండిపోయింది. నీలిమ అందించిన చెక్కు తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాను.

"ఒకేసారి ఎవరడిగారు? నాలుగు వాయిదాల్లో ఇమ్మను. నెలనెలా నేనే వచ్చి తీసుకుంటాను."