బావి మధ్యలో రాయి

శుభవార్త వచ్చేసరికి విజేత సాయంత్రం టిఫినుకని పెనం మీద దోసె తిరగేస్తోంది. హాల్లోంచి శ్రీచరణ్ పెట్టిన కేక విని, అట్లకాడ చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చింది. అతను కుర్చీ మీదికెక్కి నిలబడి, ఫ్యాను రెక్క తగులుతుందన్న ధ్యాసైనా లేకుండా చేతులు రెండూ ఊపేస్తున్నాడు.

"పాసైపోయింది విజ్జీ! ఒక్క వంక కూడా పెట్టలేదు! వచ్చే వారం అమ్మకానికి పెట్టేస్తారట!"

పెళ్లై, దేశం దాటొచ్చి, మబేలాలోని ఈ ఫ్లాట్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి ఇద్దరూ ఎదురుచూస్తున్నది ఈ కబురు కోసమే. శ్రీచరణ్ పని పాత వీడియో గేములకు మళ్లీ ప్రాణం పోయడం. ఒకప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న గెంతులాటలను, ఇప్పుడు చేతిలో పట్టుకుని ఆడే కన్సోళ్ల కోసం కొత్తగా తయారు చేస్తాడు. రువీలో ఆఫీసు పెట్టుకున్న కమ్రాన్ అనే లాహోరు ఆయన అతని బాసు. 'గొడుగు రాజు' అనే పాత ఆట హక్కులు ఆయనే కొన్నాడు. గొడుగు పట్టుకున్న ఓ పొట్టి రాజు రాళ్ల మీదా మబ్బుల మీదా గెంతుకుంటూ వెళ్లి, పోయిన కిరీటాన్ని తెచ్చుకుంటాడు. ఆట అంతే. కానీ కన్సోల్ తయారుచేసే కంపెనీవాళ్లు పరీక్షించి సరేనంటే తప్ప అది బయటికి రాదు. ఇవాళ సరేనన్నారు.

శ్రీచరణ్ కుర్చీ దిగి ఆమెను గిర్రున తిప్పేశాడు. ఈలోగా దోసె మాడిపోయింది. మాడిన దోసెనే చెరో ముక్క తుంచుకుని, కారప్పొడి అద్దుకుంటే బ్రహ్మాండంగా ఉందని తీర్మానించుకున్నారు. ఇలాంటివన్నీ విజేతకు భలే సంబరం. అతను నోటి పక్కన అంటిన మసిని తుడుచుకోకపోవడం కూడా సంబరమే.

"ఇదంతా నీ చలవే," అన్నాడు అతను ఆ మసి మూతితోనే. "నువ్వు బావి దాటావు కాబట్టి సరిపోయింది. లేకపోతే కమ్రాన్ భాయ్ ఆ రాయి పెట్టించి ఆటంతా పాడుచేసేవాడు."

విజేత తన దోసె ముక్కను కింద పెట్టేసింది.

అయిదో లెవెల్లో ఓ చీకటి బావి ఉంది. రాజు అందులోంచి పైకి ఎక్కిరావాలి. గోడకున్న రాళ్లు కాలు పెట్టగానే విరిగిపోతాయి. ఆలస్యమైతే కిందికే, మళ్లీ మొదటికే. మధ్యలో విరగని రాయి ఒక్కటి పెడదాం, కొత్తవాళ్లు కాస్త ఊపిరి తీసుకుంటారన్నాడు కమ్రాన్. శ్రీచరణ్ ససేమిరా అన్నాడు. పాత ఆట పాత ఆటలాగే ఉండాలన్నది అతని పట్టుదల. వాదించుకుని, వాదించుకుని, చివరికి ఓ ఒప్పందానికి వచ్చారు. ఎన్నడూ కన్సోల్ పట్టుకోని మనిషి చేత ఆడిద్దాం, రాయి లేకుండా దాటితే రాయి వద్దు. "మా ఆవిడ ఉందిగా!" అన్నాడు శ్రీచరణ్.

విజేత చదివింది బోటనీ. మొదటి నాలుగు లెవెల్సూ కిందామీదా పడి నిజంగానే దాటింది. బావి మాత్రం ఆమెను మింగేసింది. ఓ మధ్యాహ్నం విసుగొచ్చి అన్ని బటన్లూ కలిపి నొక్కితే, రాజు బూరలా గాల్లోకి లేచాడు. తయారీ సమయంలో ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లి చూసుకోవడానికి శ్రీచరణ్ పెట్టుకున్న కిటుకు అది. కొనేవాళ్ల ఆటలో ఉండదు. విజేత నవ్వుకుంటూ రాజును ఎగరేసుకుని బావి పైకి వెళ్లింది. అక్కడ జామకొమ్మ మీద ఒక చిలక, దాని ముక్కు మీద అచ్చం తనలాంటి గుండ్రటి కళ్లజోడు! బావి దాటితే నీకొకటి చూపిస్తానని అతను ఊరించింది ఇదేనన్నమాట. ఆ సాయంత్రం తలుపు తీస్తూనే "చిలకను చూశానోచ్!" అని అరిచేసింది.

అతను బావి దాటావా అని అడగలేదు. చిలకను చూసిందంటే దాటినట్టే కదా! చెప్పులైనా విప్పకుండా కమ్రాన్‌కు ఫోన్ చేశాడు. ఫోన్ అయ్యాక చెబుదామనుకుంది విజేత. భోజనాలయ్యాక అనుకుంది. ఆ తర్వాత అతను, కమ్రాన్ కోసం ఇంకో కాపీలో పెట్టి ఉంచిన ఆ రాయిని ఆమె కళ్లముందే ఈల వేసుకుంటూ తీసేశాడు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. అంత ఈలను ఎలా ఆపాలో తెలియలేదు.

ఇప్పుడు ఫోన్ మోగింది. కమ్రాన్. శ్రీచరణ్ స్పీకర్లో పెట్టాడు.

"ముబారక్ హో భాభీ! ఆప్ జీత్ గయీ, మై హార్ గయా!"

గెలిచిందట తను. ఓడిపోయినందుకు ఆయన అంత హాయిగా నవ్వుతుంటే, "షుక్రియా భాయ్" అని గొణిగి విజేత పెనం దించడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

శ్రీచరణ్ కింది కొట్టుకు వెళ్లి కుంకుమపువ్వు హల్వా డబ్బా పట్టుకొచ్చాడు. వస్తూ వస్తూ పై ఫ్లోర్ మంగళగారినీ పిలుచుకొచ్చాడు. ఆవిడ భర్త విశ్వేశ్వరరావుగారికి సోహార్ పోర్టులో ఉద్యోగం. వారాంతాల్లోనే, అంటే ఇక్కడి శుక్ర, శనివారాలకే, ఇంటికొస్తారు. మిగతా రోజుల్లో ఆవిడకు టీవీ, బాల్కనీలో కరివేపాకు కుండీ, ఈ కొత్త జంట తప్ప వేరే కాలక్షేపం లేదు.

"మొదటి బోణీ మీదే ఆంటీ," అంటూ శ్రీచరణ్ కన్సోల్ ఆవిడ చేతిలో పెట్టాడు.

"అయ్య బాబోయ్, నాకెక్కడొస్తాయి బాబూ ఇవి!" అంటూనే ఆవిడ సోఫాలో సర్దుకుని కూర్చున్నారు. రాజు గెంతినప్పుడల్లా ఆవిడ కూడా కాస్త పైకి లేస్తున్నారు. "హమ్మయ్య, దాటాడు సచ్చినోడు!" అని మురిసిపోతున్నారు. నాలుగు లెవెల్సూ ఎలాగో గడిచాయి. హల్వా ముట్టుకోనేలేదు. "గురువారం మా ఆయన రానీ, చెప్తా. సీరియల్స్ తప్ప నాకేం రాదంటారుగా!"

తర్వాత బావి వచ్చింది.

రాజు పడ్డాడు. మళ్లీ పడ్డాడు. మంగళగారి నవ్వు తగ్గిపోయింది. పడుతూనే ఉన్నాడు.

"ఇదేంటమ్మాయ్, కాలు ఆననివ్వట్లేదు?"

"విజ్జీ దాటేసింది కదా ఆంటీ, మీకెంతసేపు!" అన్నాడు శ్రీచరణ్ హుషారుగా.

విజేత హల్వా గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. ఆ మధ్యలో రాయి ఒక్కటుంటే ఆవిడ ఈపాటికి చిలకను చూసి ఉండేవారు.

కాసేపటికి మంగళగారు ఆడటం ఆపేశారు. చీర కొంగుతో కన్సోల్ అద్దాన్ని జాగ్రత్తగా తుడిచి, రెండు చేతులతో విజేతకు అందించారు. "నువ్వంటే చదువుకున్న పిల్లవి తల్లీ. నా బుర్రకు ఎక్కవులే ఇవన్నీ. మా ఆయనకు చెప్పకండేం, ఏడిపిస్తారు." నవ్వుతూనే అన్నారు. హల్వా కొంచెం కాగితంలో చుట్టించుకుని వెళ్లిపోయారు.

తలుపు మూసి విజేత అక్కడే నిలబడిపోయింది.

"చరణ్, నేను బావి దాటలేదు."

"ఊఁ?"

"ఎగిరాను. బటన్లన్నీ నొక్కితే లేచాడు. అలా వెళ్లి చిలకను చూశాను."

అతను ముందు నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"రాయి తీస్తున్నప్పుడు పక్కనే ఉన్నావు కదా విజ్జీ."

"ఉన్నాను."

"ఆ రోజు కమ్రాన్ భాయ్‌ని ఎన్నేసి మాటలన్నానో తెలుసా? మా ఆవిడకున్న పాటి తెలివి లేదా నీకు అని కూడా అన్నాను. పాపం, ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు."

"నువ్వు అంత సంబరపడిపోతుంటే చెప్పలేకపోయా. తర్వాత చెబుదామనుకుంటూనే ఇంత దూరం తెచ్చా. పాపం ఆవిడ, తన బుర్రదే తప్పనుకుని వెళ్లిపోయింది."

శ్రీచరణ్ సోఫాలో కూలబడ్డాడు. లాప్‌టాప్ తెరిచి, పాసైందని కంపెనీవాళ్లు పంపిన ఉత్తరాన్ని మళ్లీ చదివాడు. ఆట మారిస్తే మళ్లీ పరీక్షకు పంపాలి. వచ్చే వారం అమ్మకం ఉండదు. మళ్లీ ఎదురుచూపులు. ఆ సంగతి అతను చెప్పనక్కర్లేదు, ఆమెకూ తెలుసు. బయట మసీదులో మగ్రిబ్ అజాన్, పొద్దుగూకే వేళ నమాజు పిలుపు, మొదలై, అయిపోయింది.

"తిట్టొచ్చుగా," అంది విజేత.

"తిడతా. ఆగు. ముందు కొంచెం కోపం తెచ్చుకోనీ."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నవ్వితే తప్పు చిన్నదైపోతుందేమోనని పెదవి కొరుక్కుంది. వెళ్లి అతని పక్కన, కాస్త ఎడంగా కూర్చుంది.

"రాయి పెట్టేద్దాం చరణ్. రేపు నీతో పాటు నేనూ ఆఫీసుకి వస్తా. కమ్రాన్ భాయ్‌తో నేనే చెప్తా, నువ్వు మధ్యలో మాట్లాడకు. సాయంత్రం మంగళ ఆంటీ దగ్గరికెళ్లి ఆవిడకీ చెప్తా."

అతను లాప్‌టాప్ మూసి, ఆమెవైపు తిరిగాడు.

"అయితే ఏడింటికల్లా బయల్దేరాలి. ఆ తర్వాత రువీ రోడ్డు మీద ఇరుక్కుపోతాం," అన్నాడు.