చిటికెన వేలు

మా మనవరాలి బరువు మీద నాకు మొదటినుంచీ అనుమానమే. చొక్కాలు చంకల దగ్గర బిగుసుకుపోతున్నాయి, కాసేపు ఎత్తుకుంటే నా నడుము పట్టేస్తోంది, తూకం ముల్లు మాత్రం నాలుగున్నర కిలోల దగ్గర మొరాయించి కూర్చుంది. ఐదు దాటితేనే పాప పై పెదవి చీలిక కుట్టడానికి డాక్టరు ఒప్పుకుంటాడు. ఇంటిల్లిపాదీ ఆ ఐదు కోసమే ఎదురుచూస్తున్నామనుకున్నాను.

ముందు త్రాసునే అనుమానించాను. వారం వారం ఇంటికొచ్చే నర్సు దాన్ని గుమ్మం పైనున్న కొక్కేనికి తగిలించి, కింద వేలాడే గుడ్డ సంచిలో పాపను పడుకోబెడుతుంది. ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆ సంచిలో రెండు కిలోల పంచదార పొట్లం పెట్టి చూశాను. ముల్లు బుద్ధిగా రెండు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగితే నర్సు.

"పంచదారకి కూడా టీకాలు వేయించాలా పెద్దమ్మా?" అంది.

త్రాసు నిజం చెబుతోందంటే అబద్ధం ఇంట్లోనే ఉంది. కోడలు పాలు పట్టేటప్పుడు తలుపేసుకుంటుంది. పాపను నిటారుగా కూర్చోబెట్టి, మెత్తటి సీసాను కొద్దికొద్దిగా నొక్కుతూ, ముక్కులోంచి పాలు రాకుండా పట్టాలంటే ఎంతో ఓపిక కావాలి. అది లేక సగం పాలు పారబోస్తోందేమోనని వెళ్ళి సింకు వాసన చూశాను. సబ్బు వాసన వచ్చింది. అంత సబ్బు వేసి ఎందుకు కడిగిందని ఇంకో అనుమానం పుట్టింది. "సింకుని సబ్బుతో కాక దేంతో కడుగుతారమ్మా?" అన్నాడు మావాడు. వాడెప్పుడూ పెళ్ళాం పక్షమే.

నర్సు తూకంతో ఊరుకోదు. పాలు ఎంతసేపు తాగుతోంది, నిద్ర పడుతోందా, ఏడుపు ఎక్కువగా ఉందా అని ఆరాలు తీస్తుంది. చివర్లో ఒకటి అడుగుతుంది.

"ఇంట్లోవాళ్ళని చూసి నవ్వుతోందా?"

"నన్ను చూసి నవ్వుతుంది. వాళ్ళ నాన్నని చూసినా నవ్వుతుంది," అంటుంది కోడలు.

"నానమ్మని చూసి?"

కోడలు నా వైపు చూసి ఊరుకుంటుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. రోజంతా జోకొట్టేది నేను.

ఆ వారం తూకం వేస్తుంటే పాప మేజోడు ఊడి కింద పడింది. తీద్దామని వంగాను. సంచి ఊగకుండా పట్టుకున్నట్టు నిలబడింది కోడలు. ఆమె చిటికెన వేలు మాత్రం సంచి అడుగున దూరి, పాపను పైకి ఎత్తిపట్టి ఉంది.

నర్సు మళ్ళీ నాలుగున్నర అని రాసుకుంది. నేను ఇంటి గుట్టు పరాయివాళ్ళ ముందు విప్పే రకాన్ని కాదు. ఆవిడ మెట్లు దిగగానే తలుపు గడియ పెట్టాను.

"ఆ వేలేమిటే?"

కోడలు బెదరలేదు. "మీరు సింకు వాసన చూసిన రోజే అనుకున్నా, ఎప్పటికైనా దొరికిపోతానని."

"కన్నబిడ్డ తూకం తగ్గిస్తావా? దాని పెదవి బాగవడం నీకిష్టం లేదా?"

"ఇష్టం లేకేం అత్తయ్యా? భయం."

"మత్తుమందంటేనా?"

"మీరంటే."

నేను పాప మీది గుడ్డ సర్దాను.

"ఎవరొచ్చినా దాని నోటిమీద గుడ్డ కప్పుతారు. ఎవరూ రాకపోయినా కప్పుతారు. కుట్టేశాక ఆ గుడ్డ తీసేసి బంగారుతల్లీ అని ముద్దులాడతారు. అప్పుడు మీకు నచ్చేది పాపా, కుట్లా? ఈలోపు ఒక్కసారైనా దాన్ని దానిలా చూస్తారేమోనని ఆపుతున్నా."

చల్లగాలి తగులుతుందని కప్పుతున్నాననబోయాను. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. సిగ్గేసింది, సిగ్గు వెనకే కోపమూ వచ్చింది.

"నామీద కోపముంటే నాతో తేల్చుకో. మధ్యలో పసిదానికెందుకే శిక్ష?" అన్నాను. పాపను ఒళ్ళో వేసుకుని గుడ్డ లాగేశాను. అది నన్ను ఎగాదిగా చూసింది. అనుమానంలో అచ్చం నా పోలికే. తర్వాత చీలిన పెదవి రెండు పక్కలకీ విడిపోయి, బోసి చిగుళ్ళు కనబడేలా, ముఖమంతా నవ్వింది. ఇన్నాళ్ళూ గుడ్డ కింద నవ్వుతూనే ఉందేమో. నాకు ఏడుపు ఆగలేదు.

పై వారం కోడలు చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. ముల్లు ఐదు దాటింది. నర్సు త్రాసును తట్టి చూసి, కళ్ళు చిట్లించి నా వైపు తిరిగింది.

"ఒక్క వారంలో ఇంతా? పంచదార ఎక్కడ దాచారు పెద్దమ్మా?"

పాప చొక్కా విప్పింది, లంగోటీ దులిపింది, మళ్ళీ తూచింది. ముల్లు ఐదు కిందికి దిగలేదు. అయినా నమ్మకం కుదరనట్టే ప్రశ్నలు మొదలుపెట్టి చివరిదాకా వచ్చింది.

"నానమ్మని చూసి నవ్వుతోందా?"

కోడలు నా వైపు చూసింది. ఈసారి జవాబు నేనే చెప్పాను.

"నవ్వుతోంది."

"ఎప్పటినుంచి?"

"నేను గుడ్డ తీసినప్పటినుంచి."