రక్తంలో సర్దార్

చెరకు కోత గ్యాంగ్ మీటింగుకు వెళ్ళకపోతే నా చెరకు వంతు మళ్ళీ చివరికి పోతుంది. పోయిన ఏడు న్యుమోనియాతో ఆసుపత్రిలో పడ్డాను. మా ఊరు నవాకాలో మా గ్యాంగ్ రైతుల పొలాలన్నీ వరుసగా నరికారు. నాదీ, మునియ్యదీ మిగిలాయి. ఈలోగా సీజను ముగిసి మిల్లు మూతపడింది. చెరకు నిలబడే ఎండిపోయింది. ఈ సీజనులో అలా జరగనివ్వకూడదని నిర్ణయించుకుని, నా గ్లాసు చేత పట్టుకుని బయలుదేరాను.

మీటింగు లచ్మన్ షెడ్డులో. లచ్మన్ నాకు మరిది వరస, మా గ్యాంగుకు సర్దార్. ఏటా సీజను ముందు ఈ మీటింగులోనే సర్దార్‌ను ఎన్నుకుంటాం. తాను కత్తి పట్టడు. ఏ రోజు ఎవరి పొలంలో దిగాలో నరికేవాళ్ళకు చెప్పేది అతనే. నేను వెళ్ళేసరికి చాప మీద అందరూ కూర్చున్నారు. మా ఆయన అన్న కొడుకు కమలేష్ గిన్నెలో నీళ్ళు పోసి యంగోనా వేరు పొడి కలుపుతున్నాడు, అందరం తాగే మత్తు పానీయం అది. మొదటి చిప్ప లచ్మన్ తాగాడు, దగ్గాడు, 'బిలో' అని పిలిచే అదే కొబ్బరి చిప్పను మళ్ళీ నింపించి నాకందించాడు.

"తీసుకో వదినా."

"నా గ్లాసులో పొయ్యండి. ఆ బిలో నాకొద్దు."

"అరే! మా నోళ్ళు అంత కంపు కొడుతున్నాయా?" అన్నాడు లచ్మన్. "గ్యాంగుకు ఒకటే బిలో. అందులో తాగినోళ్ళ మాటే లెక్క. ఇష్టం లేకపోతే ఇంటికి పో. నీ పొలం సంగతి మేం చూసుకుంటాం."

"పోయినేడు చూసుకున్నారుగా!"

మునియ్య కిసుక్కున నవ్వాడు. నేను లేవలేదు. లౌటోకా ఆసుపత్రిలో డాక్టర్ శశి చెప్పిందంతా నాకు అర్థమయ్యేదాకా అడిగి అడిగి చెప్పించుకున్నాను. వీళ్ళకు ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"నాకు రక్తంలో జబ్బని మీకందరికీ తెలుసు. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకీమియా అంటారు. పేరు వదిలెయ్యండి. మన రక్తంలోని తెల్లకణాల్లో బి కణాలని ఉంటాయి, అవి కూలీలు. ఒంట్లోకి పురుగు దూరితే దాన్ని చంపే మందు తయారుచేస్తాయి. సహాయక టి కణాలని ఇంకో రకం. అవి సర్దార్లు. లేవండి, పెరగండి, పని మొదలెట్టండి అని కేకేస్తాయి. ఆ కేక అందకపోతే కూలీల పని సరిగా సాగదు."

"లచ్మన్ కాకా లాగన్నమాట," అన్నాడు కమలేష్.

"నా కూలీల్లో కొందరు చెడ్డారు. పనీ పాటా లేదు, మందను పెంచుకోవడమే. ఇదిగో, మెడ కింద ఈ గడ్డల్లో సర్దార్ల చుట్టూ చేరి కూచున్నారు. ఈ సర్దార్లు కూడా వాళ్ళకే పెరగండి, పెరగండి అంటున్నారు. అరిచి అరిచి గొంతు పోయింది. నిజంగా పురుగొచ్చిన రోజున కేక పెగలదు. మీ దగ్గు మీకు నాలుగు రోజుల్లో పోతుంది. నాకంటితే ఆసుపత్రే."

"అట్లాంటి సర్దార్లను పీకి పారెయ్యకూడదా కాకీ?" అంది నన్ను పిన్ని వరసతో పిలిచే ద్రౌపది. ఆమెది మా పక్క పొలమే.

"నేనూ అదే అడిగా. అసలు లేకపోతే ఇంకా ప్రమాదమంట. మిగతా ఒళ్ళు కాచేదెవరు?"

మునియ్య తొడ చరిచాడు. "అరే, మన గ్యాంగుకీ ఇదే జబ్బు! రోజూ ఈ గిన్నె చుట్టూ కూచునేవాళ్ళ చెరకే ముందు లారీ ఎక్కుద్ది!"

షెడ్డంతా నవ్వింది. నేను ఆ ఉద్దేశంతో చెప్పలేదు. కానీ మునియ్య అన్నది అబద్ధమూ కాదు.

లచ్మన్ ముఖం ఎర్రబడింది. "కడిగిన చిప్ప, ఎవరి నోరూ తగలని మొదటి బిలో సర్దార్‌ది. అంత కావాలంటే నువ్వే సర్దార్‌వి అయి తాగు వదినా!"

"అవుతా. ఎన్నుకునేది ఈ రోజేగా?"

అతను నవ్వాడు. ఈసారి ఎవరూ తోడు నవ్వలేదు.

"లారీవాళ్ళు ఆడమనిషి మాట వింటారా?"

"మా ఆయన పోయాక నా పొలానికి ఎవరి మాట మీద వస్తున్నారు?"

"జబ్బు మనిషివి!"

"కత్తి పట్టమని నిన్నెవరూ అడగలేదు, నన్నూ అడగరు. నా రక్తంలో సర్దార్లకు గొంతు పోయింది గానీ, నాకింకా ఉంది."

మునియ్య చెయ్యి ఎత్తాడు, తర్వాత ద్రౌపది. కమలేష్ లచ్మన్ వైపు ఓసారి చూసి, తల దించుకుని, తడి చెయ్యే పైకెత్తాడు. ఆ తర్వాత మిగతా చేతులు లేచాయి.

కమలేష్ చేత సబ్బుతో చేతులు కడిగించి, గిన్నె తోమించి, కాచి చల్లార్చిన నీళ్ళతో కొత్తగా కలిపించాను. మొదటి బిలో తాగాను. పోయినేడు చెరకు నిలిచిపోయిన మునియ్య పొలం ముందు, ఆ వెంటనే నాది అన్నాను.

"మరి నన్నెక్కడ పడేశావు?" అన్నాడు లచ్మన్.

"మధ్యలో. నీ చెరకు ఎండనివ్వను."

అతను అటు తిరిగి దగ్గి, నోరు తుడుచుకున్నాడు. "నీ జబ్బుకు మాత్రలు ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి. ఆ పొద్దున లౌటోకా ఆసుపత్రికి వెళ్ళాలి."

"పోనీ, ఆ రోజు లారీవాళ్ళతో నేను మాట్లాడనా?"

"వద్దు, బస్సులోంచి నేనే ఫోన్ చేస్తాను. నువ్వు దగ్గు తగ్గాక పొలానికి రా."