నాంపల్లి ఎండ, మధ్యాహ్నం పన్నెండు గంటలకు

రిటైరైన సైన్సు మాస్టారికి ఇంటర్నెట్ దొరికితే ఏమవుతుందో మా ఆయన వామన్‌రావుగారిని చూస్తే తెలుస్తుంది. 2002 ఎండాకాలంలో అబిడ్స్‌లో నెల రోజులు హెచ్‌టీఎంఎల్ నేర్చుకొచ్చి, నాంపల్లి ఎండకు ఒక వెబ్‌పేజీ పెట్టారు. అందులో గుండ్రటి మీటరు, దాని మీద ఎర్ర సూది. ఆ సూది దానంతటది కదలదు. ముప్పై నుంచి యాభై దాకా ఇరవై ఒక్క బొమ్మలు గీసి పెట్టుకున్నారు. రోజూ పన్నెండింటికి పెరటి గోడకున్న థర్మామీటరు చూసి, అబిడ్స్ నెట్ సెంటరుకు నడిచి, కోడ్‌లో ఆనాటి బొమ్మ నంబరు మార్చి వస్తారు. అన్నం చల్లారిపోయినా సరే, ముందు సూది కదలాలి.

ఓ రోజు లక్డీకాపూల్ నుంచి విద్యాసాగర్ అనే ఆయన మెయిల్ పంపారు. మా డాబా మీద ముప్పై ఎనిమిదే ఉంటే, కూతవేటు దూరంలో మీకు నలభై మూడెలా వచ్చిందని అడిగారు. ఈయనకు ఒళ్లు మండింది. మీ థర్మామీటరే దొంగదని జవాబిచ్చారు. అయితే ఆదివారం దాన్ని పట్టుకొస్తానన్నారాయన. నాది తప్పని తేలితే పేజీ తీసేస్తానని ఈయన మాటిచ్చేశారు. ఇక మనిషికి నిద్ర లేదు, తిండి లేదు. చూస్తే నాకే జాలేసింది.

ఆదివారం మా పెరటి గోడకు రెండు థర్మామీటర్లూ పక్కపక్కన వేలాడదీశారు. రెండూ నలభై మూడే. ఈయన మీసం మీద చెయ్యి వేశారు. అంతలో నా పోపు ఘాటుకు విద్యాసాగర్‌గారికి దగ్గు తెర పట్టుకుంది. అయ్యో పాపమని వంటింటి కిటికీ మూశాను. పది నిమిషాల్లో రెండూ ముప్పై ఎనిమిదికి దిగాయి. థర్మామీటరు ఉండేది ఆ కిటికీ పక్కనే. సైన్సు మాస్టారు ఇన్నాళ్లూ లోకానికి చాటింది నాంపల్లి ఎండను కాదు, నా పొయ్యి వేడిని!

నాకు నవ్వు ఆగలేదు. ఈయన మాత్రం థర్మామీటరు తీసుకుని తిన్నగా వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కన నిలబడ్డారు. నలభై ఏడు చూపించింది. చొక్కా తడిసిపోయింది.

"గింత ఉడుకుల వండుతున్నవా, నళినీ?"

"ఔ. ముప్పై ఏండ్ల సంది."

ఉడికిపోతున్నానని నేను మొత్తుకుంటే వినని మనిషి, పాదరసం చెబితే విన్నారు. నాకు కోపమూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ తిరిగాయి.

మాట ప్రకారం పేజీ తీసేయబోతే విద్యాసాగర్‌గారే వద్దన్నారు. తప్పు ఒప్పుకుంటూ నాలుగు ముక్కలు రాసి, ఈయన రెండో మీటరు కూడా పెట్టారు. దాని కింద 'మా వంటిల్లు' అని రాశారు. ఆ లెక్క కోసం రోజూ పన్నెండింటికి పొయ్యి దగ్గర నిలబడాలి కదా. ఎలాగూ నిలబడ్డారు, గరిటె పట్టుకోండి అన్నాను. పట్టుకున్నారు.