ఆగస్టులో షుగరు మాత్ర

మా డైరెక్టరు లెస్క్యూర్‌కు చవక మందంటే చిన్నచూపు. రెండేళ్లపాటు నేను షుగరు మాత్ర పేరెత్తినప్పుడల్లా, "అది మా అత్తగారు కాఫీతో మింగే బిళ్ల. దాంతో సైన్సా, గిలెన్?" అని నవ్వేవాడు. మాది పారిస్‌కు దక్షిణాన ఒక చిన్న పరిశోధనశాల. పసిపిల్లలకే ముసలితనం తెచ్చిపెట్టే అరుదైన జబ్బు మీద మా పని. ఆ పిల్లల కణాలను పళ్లేల్లో పెంచి, షుగరు మందు వేసి చూసింది నేను. కణాలను పాడుచేసే ప్రొటీను తగ్గింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ తగ్గింది. ఆ మర్నాటి నుంచి అది ఆయన ఆలోచన అయిపోయింది. నేను కన్న బిడ్డకు ఆయన బారసాల చేసి టీవీలో చూపించాడు.

టీవీ కోసం జూన్‌లో అపొలీన్‌ను పిలిపించాడు. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. జుట్టు లేదు, మూడేళ్ల పిల్లంత బరువు, తాతయ్యలకుండే మోకాళ్లు. నోరు మాత్రం పదిమందికి సరిపోతుంది. కెమెరా ముందే ఆయన బట్టతల వంక ఎగాదిగా చూసి, "మీకూ లేదు, నాకూ లేదు. నేను ఈ మాత్ర వేసుకుంటా సరే, మరి మీరేం వేసుకుంటారు?" అంది. ఆయన పెద్దగా నవ్వాడు. కెమెరా సర్దేశాక నవ్వు కూడా సర్దేశాడు.

మాత్ర పిల్లలకు ఇచ్చి చూడాలంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఫైలు జూలై నెలాఖరుకు అందితే సెప్టెంబరు మొదట్లో తేలుస్తామన్నారు, లేదంటే అక్టోబరు చివర. మిగిలింది ఒక్క సంతకం. జూలై ముప్పై ఒకటిన ఫైలు లెస్క్యూర్ ముందు పెట్టాను.

"రేపట్నుంచి ఆగస్టు, గిలెన్. అక్కడ చదివేదెవరు చెప్పు?"

"చదవక్కర్లేదండీ, అందితే చాలన్నారు."

"నేను చదవద్దూ? సముద్రం ఒడ్డున ప్రశాంతంగా చూస్తాలే. ఇలా ఇవ్వు."

మా దేశంలో ఆగస్టు వస్తే రొట్టెల కొట్టువాడు కూడా తలుపు మూసి సెలవని చీటీ అంటిస్తాడు. అపొలీన్ రక్తనాళాలకు మాత్రం సెలవుల్లేవు. మనకు ఏళ్లు పట్టే ముసలితనం ఆ పిల్లకు నెలల్లో వచ్చేస్తుంది. ఇది లెస్క్యూర్ పుస్తకాల్లో ఆయనే రాశాడు.

సెప్టెంబరులో ఫైలు తిరిగొచ్చింది. తెరిస్తే ఇసుక రాలింది. మొదటి పేజీ మీద తప్ప ఎక్కడా పెన్ను పడలేదు. అక్కడ తన పేరు అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేయమని రాశాడు. అవి పెద్దవయ్యాకే సంతకం పెట్టాడు.

అక్టోబరు చివర అనుమతి వచ్చింది. మా ఆచారం ప్రకారం నడవలో బల్ల వేసి, ప్లాస్టిక్ కప్పుల్లో వైన్ పోసుకుని, జున్ను ముక్కలు పెట్టుకున్నాం. ఫొటో కోసం అపొలీన్‌నూ, వాళ్లమ్మ సోలెన్‌నూ పిలిచారు. సోలెన్ బస్సు నడుపుతుంది, యూనిఫాంలోనే వచ్చింది. అపొలీన్ చక్రాల కుర్చీలో ఉంది. రెండు వారాల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మాట కూడా సరిగా రావడం లేదు.

లెస్క్యూర్ కప్పు కింద పెట్టాడు. "చాలా బాధగా ఉంది మేడమ్. పక్షవాతం వచ్చిన పిల్లల్ని ఆరు నెలల దాకా ట్రయల్‌లోకి తీసుకోకూడదు. ఆ నిబంధన రాసింది గిలెన్."

నిజమే, నేనే రాశాను. ఆయన జున్ను వైపు వెళ్లిపోయాడు.

"మా అత్తగారు పొద్దునా సాయంత్రం వేసుకునేది ఈ మాత్రే. మా వంటింట్లో డబ్బా ఉంది" అంది సోలెన్. "అందులోంచి ఒకటి ఇచ్చేయనా?"

"వద్దమ్మా. ఇంత చిన్న ఒంటికి ఎంత ఇవ్వాలో ఎవరికీ తెలీదు. అది తెలుసుకోడానికే ఈ ట్రయల్."

"సెప్టెంబరులో మొదలుపెట్టుంటే దీనికీ ఇచ్చేవారా?"

"ఇచ్చేవాళ్లం."

మాత్ర పడితే పక్షవాతం ఆగేదని నేననను. ఆగేదో లేదో తెలిసే అవకాశం పోయింది. ఆ మాటే సోలెన్‌తో అన్నాను.

"ఆయన తప్ప ఇంకెవరూ సంతకం పెట్టకూడదా?"

పెట్టొచ్చు. ఉప డైరెక్టరు జూలై ముప్పై ఒకటిన సాయంత్రం దాకా పక్క గదిలోనే ఉంది. తలుపు తట్టి ఇంకో ప్రతి ఇస్తే చాలు. ఆ సంగతి నాకు తెలుసు. లెస్క్యూర్‌ను తిట్టుకోవడానికి వచ్చే ధైర్యం ఆయన్ను దాటి వెళ్లడానికి రాలేదు. పైగా నాలుగు గంటలకు నాకు రైలుంది.

"పెట్టొచ్చు. నేనే అడగలేదు" అన్నాను.

"ఎందుకని?"

"మా అక్కావాళ్ల ఊరెళ్లాను. మూడు వారాలు."

సోలెన్ నన్ను తిట్టలేదు. అపొలీన్ ఏదో చెప్పబోయి పెదవి కదిపింది. అర్థం కాక వంగి, "ఏంటమ్మా?" అన్నాను. మళ్లీ చెప్పడానికి ఆ పిల్లకు ఓపిక లేకపోయింది.