సింహాద్రి పేరు మీది సిమ్ము

సింహాద్రి శవం మూడో రోజు భీమిలి దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. హార్బరు బయట లంగరేసిన ఓడలకు సరుకు చేరవేసే లాంచి మీద పదకొండేళ్లు పనిచేసిన మనిషి. తాగి, తూలి సముద్రంలో పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. లాంచి నడిపే సరంగు చలమయ్య కూడా అదే చెప్పాడు. భార్య రోజారమణి మాత్రం ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. పెళ్లయిన దగ్గర్నుంచి మందు ముట్టని మనిషికి ఆ ఒక్క మధ్యాహ్నం ఎవరు పోశారో చెప్పమంది.

పదో రోజు దినం వంటలు పొయ్యి మీద ఉండగానే మఫ్టీలో నలుగురు వచ్చి బీరువాలో బట్టలు మంచం మీద గుమ్మరించారు. నేవీ ఓడలు ఎప్పుడు కదులుతున్నాయో, ఏది ఏ జెట్టీలో ఉందో ఫోటోలు తీసి దేశం బయటికి పంపిన ఫోన్ నంబరు సింహాద్రి పేరు మీద ఉందట. దొరికిపోతానన్న భయంతో తనే దూకి ఉంటాడట. నంబరు రాసిన సోదా కాగితం ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయారు. మర్నాడు తానుండే మల్కాపురంలో ఆమె కుళాయి దగ్గరికి వెళితే పక్కింటావిడ తన బిందె పక్కకు జరుపుకుంది.

రోజారమణికి ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. చనిపోయే ముందు వారం సింహాద్రి చెప్పిన సంగతి ఆమె మర్చిపోలేదు. అతని ఆధార్ మీద అతనికి తెలియని సిమ్ము ఇంకొకటి ఉందని ఫోన్ల కొట్టులో చెప్పారు. గేట్ పాసులకని అందరి ఆధార్లు, వేలిముద్రలు తీసుకున్నది కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజరు దేవీప్రసాద్. అడిగితే నవ్వేశాడట. సోమవారం గేటు దగ్గర ఆఫీసరుకు చెప్పేస్తానని అతని మొహం మీదే అన్నాడట సింహాద్రి. శనివారమే పోయాడు.

ఆమె ఆ కాగితం పట్టుకుని నేరుగా ఫోన్ల కొట్టుకు వెళ్లింది. కొట్టు నడిపే నాగవంశీ తనకెందుకీ గొడవన్నాడు. చెప్పేదాకా కదలనని మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నానికి అతనే కంప్యూటర్ తెరిచాడు. ఆ నంబరుకు అదే కొట్టులో రీఛార్జి చేయించారు. డబ్బు ఫోన్లోంచి కట్టారు గనక కట్టినవాడి పేరు కూడా పడింది. ఆ వివరాలు కాగితం మీద అచ్చు తీసిచ్చాడు.

సిమ్ము కేసు విచారిస్తున్న ఆఫీసరు శ్రీరామ్మూర్తి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

“నా పెనిమిటి సచ్చిపోయిన ఆరో రోజున కొట్టుకెల్లి రీసార్జి సేయించుకున్నాడా సార్? తేదీ సూడండి. దేవీప్రసాద్ పేరు కూడా సూడండి.”

ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆ వారంలోనే దేవీప్రసాద్‌ను పట్టుకున్నారు. కూలీల పేర్ల మీద తీసిన తొమ్మిది సిమ్ములు అతని ఇంట్లో దొరికాయి. సింహాద్రి చావు మాత్రం తాగి పడ్డ చావుగానే ఉండిపోయింది.

అప్పుడు ఆమె చలమయ్య ఇంటికి వెళ్లింది. ఆమెకు వరసకు చిన్నాన్న, వాళ్ల పెళ్లి కుదిర్చిన మనిషి.

“సిన్నాన్నా, లాంచి మీద ఏటి జరిగింది?”

“అల్లుడు తాగనేదమ్మా. నాను చుక్కాని కాడున్నాను. ఎనకాల ఇద్దరూ గొడవపడ్డారు. దేవీప్రసాద్ ఇనప రాడ్డుతో కొడితే నీల్లలో పడిపోయాడు. లాంచి తిప్పుతానంటే, నువ్వు కూడా ఇందులో ఉన్నావని సెప్పేత్తానని బెదిరించాడు.”

“నీల్లలో పడ్డాక బతికే ఉన్నాడా?”

“సెయ్యెత్తాడు.”

“నువ్వు తిప్పావా?”

“నేదు.”

ఆమె అరవలేదు, కొట్టలేదు. అతని చొక్కా చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చి, ఆటో ఎక్కించి, శ్రీరామ్మూర్తి ముందు నిలబెట్టింది. చెప్పిందంతా మళ్లీ చెప్పించింది.

కేసు హత్య కింద మారింది. దేవీప్రసాద్‌కు బెయిలు రాలేదు. సింహాద్రికి గూఢచర్యంతో సంబంధం లేదని పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశారు. అతని ఫోటో వేసి దేశద్రోహి అన్నది మొదటి పేజీలో. రోజారమణి ఆ పేపరు ఆఫీసుకు కూడా వెళ్లింది. మొదటి పేజీలో వేసేదాకా రోజూ వెళ్లింది.

కోర్టులో విచారణ మొదలయ్యే ముందు చలమయ్య గుమ్మంలోకి వచ్చి, క్షమించమని తలవంచుకుని నిలబడ్డాడు.

“నాతో సెప్పకు. కోర్టులో సెప్పు,” అని ఆమె తలుపేసుకుంది.